మూసేసిన నైరుతి ద్వారం: పంజాగుట్ట హోటల్లో ఒక శనివారం

నేను తొమ్మిదేళ్ళు ఉద్యోగం చేసిన హోటలును టిక్కెట్టు కొనుక్కుని చూడాల్సి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. దీనికి కారణం రఘురామారావు. కూకట్‌పల్లిలో మా ఇంటి వెనక పార్కులో పొద్దున్నే నాతో పాటు నడుస్తాడు. బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. ఒక్క పుస్తకమైనా చివరి పేజీ దాకా చదివిన మనిషి కాదు గాని ఫోనులో వచ్చిందల్లా చదువుతాడు. పోయిన వారం ఆ ఫోను నా కళ్ళ ముందు పెట్టి, "ఏంటండీ సత్యనారాయణ గారూ, ఇది మీ గురించేనా?" అన్నాడు. పంజాగుట్టలో మా పాత హోటలు వాళ్ళు శనివారాల్లో 'హెరిటేజ్ వాక్' అని మొదలుపెట్టారట. రఘురామారావు కూతురు వెళ్ళి ఫొటోలు తీసి పంపింది. ఒక ఫొటోలో గోడకు తగిలించిన పాత నక్షా, దాని కింద ఇత్తడి రేకు ఉన్నాయి. రేకు మీద ఇలా చెక్కారు: 'అప్పటి మెయింటెనెన్స్ ఇంజనీరు సలహా మేరకు హోటలు ప్రధాన ద్వారాన్ని మూసివేశారు.'

అప్పటి మెయింటెనెన్స్ ఇంజనీరును నేనే. "ఆ తలుపు మూయొద్దని కొట్లాడి ఉద్యోగం పోగొట్టుకున్నానని చెబుతుంటారు కదండీ?" అన్నాడు రఘురామారావు, నవ్వు దాచుకుంటున్నట్టు మూతి తుడుచుకుంటూ. ఆ మాట పార్కులో ఎన్నిసార్లు చెప్పానో నాకే లెక్క లేదు. ద్వారం మూయడానికి గీయించిన ఆ నక్షా మీద నా చేత్తో అభ్యంతరం రాశాను. రాసి సంతకం పెట్టాను. ఇప్పుడు ఇత్తడి రేకు మీద నన్ను దోషిని చేశారు. ఆ రేకు పీకించాకే ఇంటికి రావాలనుకుని ఆ సాయంత్రమే మా పక్కింటి అమ్మాయి చేత టిక్కెట్టు కొనిపించాను. ఆరువందల రూపాయలు, టీ, రెండు ఉస్మానియా బిస్కెట్లతో కలిపి. ముందుగా బుక్ చేసుకోకుండా వెళితే లోపలికి రానివ్వరు. వెళ్ళాలనుకునేవాళ్ళు గుర్తుంచుకోండి.

హోటలు పేరు రాయను. వాళ్ళకు ఉచితంగా ప్రచారం చేసిపెట్టే ఉద్దేశం నాకు లేదు. అమీర్‌పేట నుంచి పంజాగుట్ట వైపు వస్తుంటే ఎడమ పక్కన పన్నెండు అంతస్తులతో, కిటికీల కింద గోధుమరంగు చారలతో కనిపిస్తుంది. కట్టిన కొత్తలో చుట్టుపక్కల దానంత ఎత్తుది లేదు. పై అంతస్తు నుంచి చూస్తే హుస్సేన్‌సాగర్ నీళ్ళు కనిపించేవి. ఇప్పుడు చూస్తే ఎదుటి ఆఫీసు అద్దాల్లో మన ముఖమే కనిపిస్తుంది.

శనివారం తొమ్మిదిన్నరకు కూకట్‌పల్లిలో మెట్రో ఎక్కాను. హోటలు వాళ్ళు పంపిన సందేశంలో 'అమీర్‌పేట స్టేషన్లో దిగవలెను' అని ఉంది. అది తప్పు. తర్వాతి స్టేషను పంజాగుట్టలో దిగితే చాలా దగ్గర. నలభై ఏళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటూ ఆ ముక్క నాకు తెలిసి కూడా, రాసిందాన్ని నమ్మి అమీర్‌పేటలోనే దిగాను. శనివారమైనా అక్కడ తిరునాళ్ళలాగే ఉంటుంది. స్తంభాలకు కోర్సుల బ్యానర్లు, జిరాక్సు షాపుల ముందు నోట్సు కట్టలు, ఇడ్లీ బండి చుట్టూ ప్లేట్లు పట్టుకుని ఉద్యోగాలు వెతుక్కునే పిల్లలు. మెట్లు దిగేసరికి మోకాళ్ళు మొరాయించాయి. ఆటో మాట్లాడాను.

"ఎనభై ఇయ్యి పెద్దాయనా" అన్నాడు ఆటో అతను. నలభైకి కుదిరింది. మీటరు వేసినా అంతకన్నా ఎక్కువ కాదు. హోటలు పేరు చెప్పి మెయిన్ రోడ్డు గేటు దగ్గర ఆపమన్నాను.

"గా గేటు తెరవరు సార్. ఎనక గల్లీల నుంచి పోవాలె."

"నాకు తెలుసయ్యా. ముందు గేటు దగ్గరే ఆపు."

"తెలిసి సుత గక్కడ్నే దిగుతనంటరేంది?" అని అద్దంలో నన్ను ఒకసారి చూసి, "మంచిగనే ఉన్నది మీ ముచ్చట" అన్నాడు. గేటుకు తాళం, తాళానికి తుప్పు. గేటు వెనక ఏడు పాలరాతి మెట్లు ఉన్నాయి. మెట్లెక్కితే గోడ. గోడ ముందు కుండీల్లో ప్లాస్టిక్ వెదురు మొక్కలు. "చెప్పిన గదా!" అని ఆటో అతను పావు కిలోమీటరు చుట్టు తిప్పి వెనక గల్లీలో దింపాడు. ఆడపిల్లల హాస్టలు, చెత్త బండి, మిర్చి బజ్జీల బండి దాటాక హోటలు 'ప్రధాన ద్వారం' వస్తుంది. కొత్తవాళ్ళు పొరపాటున ఇది వంటింటి దారి అనుకుంటారు. పొరపాటేం లేదు. ఒకప్పుడు అది వంటింటి దారే.

పదకొండు గంటలకు మా గుంపు బయలుదేరింది. మొత్తం ఏడుగురం. ముందు నడిచిన గైడు పేరు శ్రావణి. ఇరవై ఐదేళ్ళుంటాయి. ఖమ్మం వైపు పిల్ల, చెప్పేది స్పష్టంగా చెబుతుంది. తప్పంతా ఆమెకు కాగితం రాసిచ్చినవాళ్ళది. "వ్యవస్థాపకులు ఎంతో ముందుచూపుతో, రోడ్డు మీద రణగొణ ధ్వని అతిథులకు వినిపించకూడదని ప్రవేశ ద్వారాన్ని నిశ్శబ్దమైన వీధిలోకి మార్చారు" అంది. సరిగ్గా అప్పుడే గల్లీలో చెత్త బండి పాట మొదలైంది. "తోటలో ఉన్న ఈత కొలనును నీటి పొదుపు కోసం పూడ్చి పచ్చిక బయలుగా మార్చారు" అంది. నాకు నవ్వాలో అరవాలో తెలియలేదు. ఎనిమిది నెలలు దగ్గరుండి తవ్వించిన కొలను అది.

అసలు చరిత్ర చాలా చిన్నది. కృష్ణా జిల్లా నుంచి వచ్చిన పెద్ద రైతు కుటుంబం ఈ హోటలు కట్టింది. గదులు అనుకున్నంత నిండలేదు. ఎందుకు నిండలేదో వంటవాణ్ణి అడిగితే చెప్పేవాడు, రిసెప్షన్‌లో అమ్మాయిని అడిగినా చెప్పేది. వీళ్ళు వాస్తు సిద్ధాంతిని అడిగారు. మొదటాయన వచ్చి, రోడ్డు వైపు గుమ్మం నైరుతిలో పడింది, అందుకే డబ్బు నిలవడం లేదు, ఈశాన్యం నుంచి నడవండన్నాడు. ఈశాన్యంలో ఉన్నది కూరగాయల బండ్లు వచ్చే గల్లీ. రెండో ఆయన, ఆగ్నేయంలో నీళ్ళేమిటి, కొలను పూడ్చమన్నాడు. మూడో ఆయన, వంటిల్లు ఆగ్నేయానికి జరపమన్నాడు. పూడ్చిన కొలను పక్కన వంటిల్లు వచ్చింది. నాలుగో ఆయన లిఫ్టు బరువు ఈశాన్యంలో ఉండకూడదన్నాడు. బాగా నడుస్తున్న లిఫ్టును ఆపి, దాని గుంతలో చీపుర్లు దాచుకునే గది పెట్టించాడు. ప్రతి సిద్ధాంతీ ముందాయనకు శాస్త్రం రాదనేవాడు. ఆ ఒక్క విషయంలో నలుగురూ నిజమే చెప్పారు. నేను వాస్తు పుస్తకాలు తెచ్చుకుని చదివాను. సంస్కృతంలో ఉన్నవి కూడా నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. పన్నెండు అంతస్తుల హోటలు గురించి ఎవరూ ఏమీ రాయలేదు. యజమానికి ఆ మాట చెబితే, "నీకెందుకయ్యా పుస్తకాలు, పైపులు చూసుకో" అన్నాడు.

నైరుతి గుమ్మం మూశాక రెండేళ్ళకు ఒక మధ్యాహ్నం వంటింట్లో నూనె అంటుకుంది. పొగ కింది అంతస్తు నిండా పరుచుకుంది. పెళ్ళి భోజనాలకు వచ్చినవాళ్ళలో ముందు నుంచీ ఆ హోటలు తెలిసినవాళ్ళు అలవాటు కొద్దీ రోడ్డు వైపు పరుగెత్తారు. అక్కడ తలుపు లేదు. గోడ మీద గుర్రాల బొమ్మ ఉంది. దుప్పట్లు, తువ్వాళ్ళు ఉంచే లినెన్ గదిలో పనిచేసే అనసూయమ్మ వెనక్కి తిరిగిన జనం కాళ్ళ కింద పడింది. ఎవరి ప్రాణమూ పోలేదు. ఆమె తుంటి ఎముక విరిగింది. వారం తిరక్కుండా నన్ను పిలిచి, 'భద్రతా లోపం' అని కాగితం చేతికిచ్చి పంపేశారు. అప్పటి నుంచీ నాకున్నది ఒకటే ధైర్యం. నేను రాశాను, నక్షా మీద ఉంది.

కింది అంతస్తులో పాత లాబీనే ఇప్పుడు 'చరిత్ర గోడ' చేశారు. గుర్రాల బొమ్మ పోయింది. దాని చోట యజమాని ఫొటో, అప్పటి జనరల్ మేనేజరు ఫొటో, మధ్యలో నా నక్షా వేలాడుతున్నాయి. ఆ మేనేజరు నా చేతికి కాగితం ఇచ్చిన మనిషి. చెక్కు చెదరని నవ్వుతో ఉన్నాడు. నేను నక్షా దగ్గరికి వెళ్ళి చూశాను. కుడి వైపు మూల నా సంతకం ఉంది. దాని కింద రెండంగుళాల మేర ఫ్రేము లోపల పెట్టిన తెల్ల అట్ట కప్పేసింది. నా రాత ఉండాల్సింది సరిగ్గా అక్కడే.

"అమ్మాయ్, ఈ ఫ్రేము విప్పాలి" అన్నాను.

శ్రావణి కంగారుపడింది. "సార్, టూర్‌లో ఏదీ ముట్టుకోవద్దండి..."

"ఈ సంతకం నాది. ఇంజనీరు సలహా అని రాశారే, ఆ ఇంజనీరును నేను. నేను సలహా ఇవ్వలేదు. వద్దని రాశాను. ఆ అట్ట కింద ఉంది."

గుంపులో ఒక కుర్రాడు ఫోను నా వైపు తిప్పాడు. దింపమన్నాను. దింపలేదు. శ్రావణి ఎవరికో ఫోను చేసింది. పది నిమిషాలకు ఇప్పటి జనరల్ మేనేజరు వచ్చాడు. నలభై కూడా ఉండవు, చల్లటి గొంతు.

"చెప్పండి అంకుల్, ఏంటి ప్రాబ్లం?"

నాకు అంకుల్ అన్న పిలుపు గిట్టదు. మళ్ళీ మొదటి నుంచీ చెప్పాను. ఆయన చివరి దాకా విని, "ఇవన్నీ డిజైన్ ఏజెన్సీ చేసింది అంకుల్, మాకు ఫైల్‌లో దొరికినవి ఇచ్చాం. మీరొక మెయిల్ పెట్టండి, చూద్దాం" అన్నాడు. ఈ 'చూద్దాం' నాకు బాగా తెలుసు. అక్కడే ఉన్న కుర్చీ లాక్కుని నక్షా కింద కూర్చున్నాను. విప్పేదాకా లేవనన్నాను. మిగతా ఆరుగురూ టీ తాగడానికి వెళ్ళలేదు. నన్ను చూస్తూ నిలబడ్డారు. ఆ గుంపును చూసి మేనేజరు లెక్క మార్చుకున్నాడు. "మెయింటెనెన్స్ నుంచి ఎవరినైనా పిలవండి" అన్నాడు.

స్క్రూడ్రైవరు పట్టుకుని వచ్చిన మనిషిని ముందు గుర్తుపట్టలేదు. ఆయనే నన్ను గుర్తుపట్టాడు. "ఇంజనీర్ సాబ్! మీరింక ఉన్నరా?"

యాదగిరి మేస్త్రి. పాలమూరు నుంచి కూలికి వచ్చి ఈ హోటలు పునాదుల్లో రాయి మోశాడు. తర్వాత మేస్త్రి అయ్యాడు. నైరుతి గుమ్మం మూసిన గోడ కట్టింది ఆయనే. డెబ్బై దగ్గర పడినా కాంట్రాక్టు మీద ఇంకా అక్కడే చిన్న మరమ్మతులు చేస్తున్నాడట.

"ఉన్నానయ్యా. ఈ రేకు మీద నా గురించి ఏం రాశారో చూశావా?"

"నాకు సదువొస్తదా సార్? ఏం రాసిండ్రు?"

చెప్పాను. మేస్త్రి నవ్వాడు. "గోడ కట్టినోన్ని నేను. నా పేరు ఒక్క ముక్క సుత రాయలే. మీదన్న ఎక్కిచ్చిండ్రు గదా, ఖుష్ కారాదు?"

"వేళాకోళం తర్వాత. ముందు ఇది విప్పు. జాగ్రత్త, కాగితం పాతది."

నక్షాను బల్ల మీద బోర్లా పెట్టి, వెనక మేకులు ఒక్కొక్కటే తీశాడు. నక్షాను తిప్పి అట్ట పక్కకు జరిపాడు. కళ్ళద్దాలు తుడుచుకుని వంగాను. ఇన్నేళ్ళూ నాకు ఆ రాత కంఠతా వచ్చు. ఈ ద్వారం మూయడం ప్రమాదకరం, ఇందుకు నేను సమ్మతించను, జరిగేదానికి నేను బాధ్యుణ్ణి కాను. మూడు వాక్యాలు.

అట్ట కింద ఉన్నది ఒకటే వాక్యం. నా దస్తూరీయే, నీలం సిరా. అప్పుడు ఆఫీసు రాతలన్నీ ఇంగ్లీషులోనే. తెలుగులో చెప్పాలంటే ఇంతే: 'ఆదేశించిన ప్రకారం చేస్తూ, వీలునుబట్టి మరో ద్వారం పరిశీలించవచ్చు.'

పరిశీలించవచ్చు. ఆఫీసుల్లో పనిచేసినవాళ్ళకు ఈ మాట అర్థం వేరే చెప్పక్కర్లేదు. పై అధికారికి కోపం రాకుండా, రేపు ఎవరైనా అడిగితే రాశానని చెప్పుకోవడానికి రాసే మాట అది. దాన్ని ఎవరూ పరిశీలించరు. రాసినవాడు కూడా.

శ్రావణి నా పక్కనే వంగి చదివింది. మేనేజరు చదివి, "ఓకే అంకుల్, అభ్యంతరం అంటే..." అని ఆగిపోయాడు.

"గట్టిగ రాసిండ్రా సార్?" అడిగాడు యాదగిరి.

"లేదయ్యా."

మేస్త్రి స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకున్నాడు. "అనసూయమ్మ అడిగేది. లినెన్ గది ముంగటనే గద గా గుమ్మం. గోడ లేస్తాంటే వచ్చి నిలబడేది. 'ఇంజనీర్ సాబ్ రాసిండట, ఇంకో తలుపు పెట్టిస్తడట' అనేది. నాతోని సుత అన్నది, ఇటుకలు జర మిగిలిచ్చి ఉంచు మేస్త్రీ, మళ్ళ పని ఉంటదని."

"ఎలా ఉంది ఆమె?"

"పోయి మస్తేండ్లయింది సార్. ఆఖరుదాక కర్ర పట్టుకొనే నడిచింది."

ఆమెకు ఆ మాట నేనే చెప్పాను. లినెన్ గది ముందు నిలబడి, రాశానమ్మా, పెట్టిస్తారు అన్నాను. ఆ బల్ల దగ్గర మేస్త్రి ఆమె పేరు ఎత్తేదాకా అది నాకు గుర్తు లేదు. రెండేళ్ళలో రెండో ద్వారం గురించి మళ్ళీ ఎవరినీ అడిగినట్టు కూడా గుర్తు లేదు. కొలను పూడ్చినప్పుడు మాత్రం చాలా కొట్లాడాను. అది నేను తవ్వించింది కదా.

"సార్," అంది శ్రావణి మెల్లగా, "ఈ రేకు తీసెయ్యమని అడగమంటారా?"

తీసేయించడానికే వచ్చాను. ఆ పిల్ల అడిగిన తీరు చూస్తే మేనేజరు ఒప్పుకునేవాడు కూడా. "తీయొద్దు, సరిచేయండి. రాసుకో" అన్నాను. ఆమె ఫోనులో రాసుకుంది: 'యాజమాన్యం ఆదేశంతో, మెయింటెనెన్స్ ఇంజనీరు సంతకంతో ప్రధాన ద్వారాన్ని మూశారు. రెండో ద్వారం ఏర్పాటు చేయలేదు.' సలహా అన్న మాట అబద్ధం, అది పోవాలన్నాను. మేనేజరు మూడుసార్లు చదివి, చివరి వాక్యం అవసరమా అని అడిగాడు. అవసరమే అన్నాను. ఈసారి 'చూద్దాం' అనలేదు. "డెఫినెట్లీ అంకుల్" అన్నాడు.

మేస్త్రి నన్ను వెనక గుమ్మం దాకా సాగనంపాడు. పాత వంటింటి మెట్ల మీద కూర్చుని ఇద్దరం టీ తాగాం. టిక్కెట్టు మీద వచ్చే టీ అద్దాల గదిలో ఇస్తారట. ఇది స్టాఫు టీ, చాలా బాగుంది. ఒంటిగంటకు బయటపడి, ఈసారి పంజాగుట్ట స్టేషనుకు నడిచాను. నా నడకకు పన్నెండు నిమిషాలు పట్టింది.

నాలుగు రోజులకు శ్రావణి కొత్త రేకు ఫొటో పంపింది. కింద 'సారీ సార్' అని ఉంది. ఎందుకో చదివాక తెలిసింది: 'మెయింటెనెన్స్ ఇంజనీరు సంతకంతో ప్రధాన ద్వారాన్ని మూశారు. రెండో ద్వారం ఏర్పాటు చేయలేదు.' మొదటి రెండు మాటలు ఎగిరిపోయాయి. పాత రేకులో నేను సలహాదారుణ్ణి మాత్రమే. కొత్త రేకులో మొత్తం నా నెత్తినే ఉంది, అదీ నేను చెప్పిన మాటలతోనే. తిట్టడానికి ఫోను తీశాను. ఏ మాట తప్పని తిట్టాలా అని ఆ రెండు వాక్యాలూ మళ్ళీ చదివాను. ఒక్క మాట కూడా తప్పు కాదు. ఫోను పెట్టేశాను.

కోపం పోలేదు. ఆ కుటుంబం మీద, నలుగురు సిద్ధాంతుల మీద, ఫొటోలో ఇంకా నవ్వుతున్న ఆ మేనేజరు మీద కోపం అలాగే ఉంది. వాళ్ళు మింగేసిన రెండు మాటలనూ అందుకే ఇక్కడ రాస్తున్నాను: యాజమాన్యం ఆదేశంతో. ఆ హోటలు చరిత్రలో వాళ్ళ వాటా అది. నా వాటా వాళ్ళ గోడ మీద ఉంది, ఉండనివ్వండి. నేను చదివిన చరిత్ర పుస్తకాలన్నిటిలోనూ తప్పులు వెతికి, అంచుల్లో పెన్సిలుతో దిద్దుకుంటూ వచ్చాను. నా ఒక్క వాక్యాన్ని మాత్రం ఇన్నేళ్ళూ ఎవరికీ చూపించకుండా, నేనూ చూడకుండా, మూడు వాక్యాలుగా పెంచుకున్నాను. హోటలుకు వెళ్ళొచ్చిన మర్నాడు పార్కులో రఘురామారావు, "ఏమైందండీ, పీకించారా?" అని అడిగాడు. జరిగిందంతా చెప్పాను. ఈసారి మూతి తుడుచుకోలేదు.

వెళ్ళేవాళ్ళకు ఒక సూచన. పంజాగుట్ట మెట్రోలో దిగి, గల్లీలోకి తిరిగే ముందు రోడ్డు వైపు తాళం వేసిన గేటు దగ్గర ఒక్క నిమిషం ఆగి, ఆ ఏడు మెట్లూ చూడండి. అవి ఎక్కడికి వెళతాయని లోపల శ్రావణిని అడగండి. కాగితం పక్కన పెట్టి చెబుతుంది.